తొమ్మిదో తారీఖు గండం

ఆసుపత్రిలో మంటలు లేస్తే దర్యాప్తుకి పెద్ద కష్టమేమీ ఉండదు, పొగ ఆరకముందే దోషి దొరికిపోతాడు: షార్ట్ సర్క్యూట్. ఎక్కణ్ణుంచి వచ్చాడో, ఎవరు రానిచ్చారో ఎవరూ అడగరు. అందుకే నేను కారణాలు వదిలేసి తారీఖులు చూశాను. కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రి, 2011 డిసెంబరు 9, తొంభై మందికి పైగా పోయారు. కొవిడ్ కేంద్రంగా మార్చిన విజయవాడ హోటల్, 2020 ఆగస్టు 9. భండారా జిల్లా ఆసుపత్రిలో పది మంది పసికందులు పోయింది 2021 జనవరి 9. మరి ఝాన్సీ ఆసుపత్రి తగలబడింది 2024 నవంబరు 15న కదా అంటారేమో, ఒకటీ అయిదూ కలిపితే ఆరు, తిరగేస్తే తొమ్మిదే. ఇంత తేటగా ఉంటే ఇంక ఇంజనీర్లెందుకు?

వాళ్లేమో ఆర్క్ ఫ్లాష్ స్టడీ చేయించమని ప్రాణం తీస్తారు. ఆర్క్ ఫ్లాష్ అంటే, కరెంటు పంచే ప్యానెల్లో బస్‌బార్ల (లావు రాగి పట్టీల) మధ్య కరెంటు గాలిలోంచే దూకడం. అప్పుడు అక్కడి వేడి 19 వేల డిగ్రీల దాకా పోవచ్చట, సూర్యుడి ఉపరితలమే అయిదున్నర వేలు. రాగి ఆవిరై పేలుతుంది. ఎదురుగా నిలబడ్డవాడు ఎంత కాలతాడో ముందే లెక్కగట్టి ప్యానెల్ మీద స్టిక్కర్ అంటించాలట, అమెరికాలో దీనికి ఐట్రిపుల్ఈ 1584 అని ఓ ప్రమాణమే ఉంది. కరెంటు ఆపే బ్రేకర్ పదో వంతు సెకనులో పడాల్సింది సెకను తీసుకుంటే మనిషికి తగిలే వేడి దాదాపు పది రెట్లు. మనవాళ్లేమో అది మాటిమాటికీ పడుతోందని సెట్టింగే పెంచేస్తారు, ఎందుకంటే పాత కేబుల్ మీదే ఈ ఎండాకాలం ఇంకో నాలుగు ఏసీలు ఎక్కాయి.

స్టిక్కర్ మనకీ ఉంది లెండి. ప్యానెల్ రూములో విరిగిన స్ట్రెచర్, పాత కేస్ షీట్ల కట్టలు దాటుకుని వెళ్తే 440 వోల్టుల పుర్రె బొమ్మ కనిపిస్తుంది, నుదుట దసరా నాటి కుంకుమతో. ఏడాదికోసారి జరిగే తనిఖీ ఆ ఆయుధపూజే. తలుపు గడియ ఊడితే సర్జికల్ ప్లాస్టర్ వేశారు, ఆసుపత్రి కదా, వైద్యానికి లోటు రానివ్వరు. షాక్ కొట్టకుండా ప్యానెల్ ముందు పరచాల్సిన రబ్బరు మ్యాట్ మీద సెక్యూరిటీ గార్డు కునుకు తీస్తున్నాడు.

"పావుగంట సప్లై ఆపాలి సార్" అని ఎలక్ట్రీషియన్ అడిగితే, "ఐసీయూలో వెంటిలేటర్లున్నాయి బాబూ, అలాగే కానిచ్చెయ్, జాగ్రత్తగా" అంటారు సూపరింటెండెంట్ గారు. ఆయన్నీ తప్పుపట్టలేం, నిజంగానే ఆపలేరు. ఆపకుండా పని చేసుకోడానికి రెండో సప్లై దారి ఆసుపత్రి కట్టేటప్పుడే పెట్టి ఉండాల్సింది, ఆ డబ్బుతో లాబీలో గ్రానైట్ పరిచారు. కాబట్టి ఆ "జాగ్రత్తగా" అన్న మాటే అతనికిచ్చిన రక్షణ సామగ్రి. మిగతాది అతని సొంతం: హవాయి చెప్పులు, జేబులో టెస్టరు. యూనిఫాం మాత్రం కాంట్రాక్టరే ఇచ్చాడు, పాలిస్టర్‌ది. మంట తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది గానీ, ఇస్త్రీ ఖర్చు ఉండదు.