దేవుడిచ్చిన గొడుగట!

ఎండ గురించిన ఈ మెసేజ్ నాకు రావడం ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట మా బావ పంపాడు, తర్వాత ఇద్దరు తోటి టీచర్లు, నిన్న మా తొమ్మిదో తరగతి తల్లిదండ్రుల గ్రూపులో ఒకాయన "మేడం, మీరు పిల్లలకు చెప్పేదానికి ఇది ఉల్టాగా ఉంది కదా" అంటూ నన్ను ట్యాగ్ చేసి మరీ పెట్టారు. "పిల్లలను ఎండకు భయపెట్టకండి" అని హెడ్డింగు, కింద ఐదు పాయింట్లు, ఆ కింద పది మందికి పంపమని ఆజ్ఞ. ఒక్కసారే రాస్తాను, మళ్లీ పంపినవాళ్లకు ఇదే తిరిగి వస్తుంది.

సన్‌స్క్రీన్ రాస్తే క్యాన్సర్ వస్తుందట. ఆస్ట్రేలియాలో నాంబౌర్ అనే ఊళ్లో 1992 నుంచి నాలుగున్నరేళ్లు 1,600 మందికి పైగా జనాన్ని గమనించారు. రోజూ రాసుకున్నవాళ్లలో స్క్వామస్ సెల్ రకం చర్మ క్యాన్సర్ కణితులు దాదాపు 40 శాతం తక్కువగా వచ్చాయి. అయినా ఆ ట్యూబు కొనమని నేను ఏ పిల్లకు చెప్పాను? టోపీ, చున్నీ, తువ్వాలు, నిండు చేతుల చొక్కా, వేపచెట్టు నీడ. నేను చెప్పింది ఇంతే.

కొబ్బరి నూనె రాస్తే చాలట. తలకు రాయండి, జడ బాగుంటుంది.

ఎండాకాలంలో తప్ప భయం లేదట, మబ్బు పట్టిందంటే అసలే లేదట. వేడి వేరు, చర్మాన్ని కమిలించే అతినీలలోహిత కిరణాలు వేరు అని ఎనిమిదో తరగతి పిల్ల కూడా చెబుతుంది. పల్చటి మబ్బును ఆ కిరణాలు లెక్కచేయవు. అందుకే నేను పిల్లల చేత గ్రౌండులో కర్ర పాతించి నీడ కొలిపిస్తాను. నీడ కర్ర కన్నా పొట్టిగా ఉందంటే సూర్యుడు బాగా పైనున్నట్టు, ఆ కిరణాలు బలంగా ఉన్నట్టు, తల మీద ఏదో ఒకటి ఉండాలి. హైదరాబాద్‌లో మే 9న మిట్టమధ్యాహ్నం ఆ నీడ కాసేపు కనిపించకుండానే పోతుంది. ఇంకో సంగతి, మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలయ్యేసరికి హైదరాబాద్ వైపు సూర్యుడు అన్నిటికన్నా పైకి చేరేది సుమారు 12.25కు. మా బడి వదిలేది 12.30కు! ఎండ నుంచి కాపాడాలని బడి కుదించి, సరిగ్గా ఆ టైముకే పిల్లల్ని రోడ్డు మీదకి వదులుతున్నాం.

ఇక అసలు పాయింటు, నాకు నిద్ర పట్టనివ్వనిది. "మనది నల్ల చర్మం, దేవుడిచ్చిన గొడుగు, తెల్లవాళ్ల జబ్బులు మనకెందుకు?" అట. చర్మానికి ఆ నలుపునిచ్చే మెలనిన్ కాపాడుతుంది, కాదనను. ఆస్ట్రేలియాతో పోలిస్తే మన దగ్గర చర్మ క్యాన్సర్లు చాలా తక్కువ, అక్కడి బళ్లలోలా "టోపీ లేకపోతే ఆటల్లేవు" అనమని నేనూ అనను. కానీ మా క్లాసులో ఒక బాబుకు బొల్లి ఉంది, పెదవుల చుట్టూ, కుడి చేతి మీద. పోయిన ఆగస్టు 15 కవాతు కోసం రెండు గంటలు మబ్బు ఎండలో నిలబెట్టారు, నేను అడ్డుపడితే "మన పిల్లలకు ఎండ కొత్తా మేడం" అన్నారు. సాయంత్రానికి ఆ తెల్ల మచ్చలు ఎర్రగా కమిలి బొబ్బలెక్కాయి, వాటి పక్కనే ఉన్న నల్ల చర్మానికి ఏమీ కాలేదు. ఒకటే చెయ్యి, ఒకటే ఎండ. "అందరూ బాగానే ఉన్నారు, నా కొడుక్కే ఎందుకైంది?" అని వాళ్లమ్మ అడిగింది. ఆమెకు ఏం చెప్పమంటారు, దేవుడు మీవాడి గొడుగుకు చిల్లులు పెట్టాడమ్మా అనా? గొడుగు ఉన్నవాళ్లకైనా అది కళ్లకు అడ్డం రాదు, శుక్లాలు రావడంలో ఆ కిరణాల పాత్ర ఉంది. వడదెబ్బ ఎటూ రంగు చూసి తగలదు. అన్నట్టు, ఎండ మనల్ని ఏమీ చేయదంటున్న ఇదే గ్రూపులో పోయిన నెల ఎండకు నల్లబడిన అమ్మాయిలు తెల్లబడే చిట్కా తిరిగింది. పంపింది కూడా అదే పెద్దమనిషి.

చివరిది, విటమిన్ డి పొద్దుటి ఎండలో కాదు, మధ్యాహ్నం ఎండలోనే వస్తుందని. నవ్వేసి వదిలేద్దామనుకున్నాను, తీరా చూస్తే అదే కరెక్టు. తిరుపతిలో కొలిచి చూస్తే చర్మంలో అది బాగా తయారయ్యేది పదకొండు నుంచి రెండు మధ్యే. ఇన్నేళ్లుగా నేను ఏడు గంటల లేత ఎండ అని పాఠం చెబుతూ వచ్చాను. మొన్న క్లాసులో తప్పు ఒప్పుకున్నాను, పిల్లలు చప్పట్లు కొట్టారు, ఎందుకో మరి! కానీ దానికి కాసేపు చేతులకు, కాళ్లకు ఎండ తగిలితే చాలు, మెసేజ్ చెప్పినట్టు నెత్తి మీద ఏమీ లేకుండా గంటసేపు నిలబెట్టక్కర్లేదు.

బావా, ఐదింట్లో ఒకటి నీది. మిగతా నాలుగింటి సంగతి తేల్చుకోవాలనుంటే రేపు పన్నెండున్నరకు మా బడి గేటు దగ్గరికి రా, టోపీ లేకుండా. గంటయ్యాక మజ్జిగ నేనిస్తాను.