పీడీఎఫ్ పెడితే దొంగతనమేనా?

మాస్టారు తెలుగు లెక్చరర్‌గా రిటైరయ్యారు. ఊళ్ళ పేర్ల మీద చేసిన పీహెచ్‌డీని సొంత డబ్బుతో పుస్తకం వేశారు. ఎవరో అది మొత్తం స్కాన్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆయన శిష్యురాలే ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తోంది, వాళ్ళిద్దరి మాటలివి.

మాస్టారు: ఒక్క ఫోన్ చేసి అడగొచ్చు కదమ్మా, నంబర్ పుస్తకంలోనే ఉంది.

శిష్యురాలు: అడక్కపోవడం తప్పే సార్. కానీ చదివేవాళ్ళని దొంగలంటే నేనొప్పుకోను. ఢిల్లీ యూనివర్సిటీ కేసు చూడండి, రామేశ్వరి అని చిన్న జిరాక్స్ షాపు, సిలబస్‌లో ఉన్న చాప్టర్లు కోర్స్ ప్యాక్ చేసి ఇచ్చేవాళ్ళు, 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అనే పెద్ద పబ్లిషింగ్ సంస్థలు కలిసి కేసేశాయి, అమర్త్యసేన్ లాంటివాళ్ళే కేసు వద్దన్నారు. 2016 సెప్టెంబర్‌లో హైకోర్టు ఇది తప్పు కాదంది, 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో చదువు కోసం మినహాయింపు ఉందంది. డిసెంబర్లో డివిజన్ బెంచ్ కొన్ని విషయాలు మళ్ళీ విచారించమంటే, 2017 మార్చిలో పబ్లిషర్లే కేసు వెనక్కి తీసుకున్నారు.

మాస్టారు: అవి చాప్టర్లు. నాది అట్ట నుంచి అట్ట దాకా పెట్టారు. సెక్షన్‌లో టీచరూ స్టూడెంటూ అని ఉంది, వాట్సాప్ గ్రూపని లేదు.

శిష్యురాలు: అది నిజమే. మరి మీరు మాకు క్లాసులో స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చినవన్నీ పూర్తి పుస్తకాలే కదా?

మాస్టారు: అవి అచ్చులో లేనివి! దాన్నీ దీన్నీ కలపకు.

శిష్యురాలు: నేను చెప్పేదీ అదే సార్. రచయిత పోయాక 60 ఏళ్ళు హక్కుంటుంది, పుస్తకం రెండో ముద్రణ కూడా చూడదు. మనవలెక్కడున్నారో తెలీదు, అడుగుదామన్నా ఎవర్నడగాలి? అలాంటివి స్కాన్ చేసి పెట్టకపోతే చెదలు తింటాయి. జర్నల్ పేపర్లైతే మరీ అన్యాయం, పబ్లిషర్లు రాసినందుకు రూపాయి ఇవ్వరు, రివ్యూ ఫ్రీగా చేయించుకుంటారు, పైగా కాపీరైట్ చాలాచోట్ల వాళ్ళకే రాసివ్వాలి. అక్కడ తాళం కాపాడేది రచయితని కాదు సార్, పబ్లిషర్‌ని.

మాస్టారు: మరి ఆ పబ్లిషర్లకే కదా, యూనివర్సిటీల వాళ్ళు జర్నళ్ళు చదువుకోడానికి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని మూడేళ్ళకి 6,000 కోట్లు ఇస్తోంది కేంద్రం? నా పుస్తకం 150 రూపాయలు. ఇంటిపన్ను రూపాయి మీద 8 పైసలు లైబ్రరీ సెస్సు కడుతున్నా, మా ఊరి లైబ్రరీ ఒక్క కాపీ కొనలేదు. నువ్వు చెప్పేది అచ్చులో లేని పుస్తకాల సంగతి. 500 వేయిస్తే 300 మా మంచం కిందే ఉన్నాయమ్మా.

శిష్యురాలు: నాకు తెలీదు సార్. యూనివర్సిటీ కేటలాగ్‌లో ఉంది, ర్యాక్‌లో లేదు, అయిపోయిందనుకున్నా. మీరే ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు కదా, కావాల్సినవాళ్ళు అచ్చుదీ కొంటారు.

మాస్టారు: పెడితే నేనే సరిగ్గా పెడతా. వాళ్ళు చివర తప్పొప్పుల పట్టిక వదిలేశారు, చూశావా? మూడో అధ్యాయంలో శాసనం సంవత్సరం తప్పు పడింది, అందులోనే దిద్దాను.

శిష్యురాలు: ఆ సంవత్సరమే నా థీసిస్‌లో రాశాను సార్.