దొడ్డిలోకి దొడ్డిదారి

పాలపొడి, చీజ్ అమ్ముతామని అమెరికా ఎప్పుడు వచ్చినా మన దేశం ముందుగా అడిగేది ధర కాదు. మీ ఆవు ఏం తింది? రక్తం పొడి, జంతువుల లోపలి అవయవాలు కలిపిన దాణా తిన్న ఆవు పాలు మాకొద్దు, తినలేదని సర్టిఫికెట్ తెండి అని ఏళ్ల తరబడి పట్టుబడుతున్నాం. ఆ పట్టుదల సరైనదే. మరి 2026 ఫిబ్రవరి తొలి వారంలో రెండు దేశాలు కలిసి విడుదల చేసిన ప్రకటన చూడండి. సుంకం తగ్గించే, లేదా పూర్తిగా ఎత్తేసే వ్యవసాయ సరుకుల్లో ముందు వరుసలో ఉన్న పేరు డీడీజీఎస్. మొక్కజొన్న నుంచి ఇథనాల్ లాగేశాక మిగిలిన పిప్పిని ఎండబెట్టి చేసే దాణా అది. అమెరికా ఆవు ఏం తిందో నిలదీసే దేశం, మన బర్రె ఏం తినబోతోందో ఒక్క మాటైనా అడిగిన జాడ ఆ ప్రకటనలో లేదు.

ప్రభుత్వం చెప్పేదీ వినిపిద్దాం. దాణా ఖర్చు తగ్గుతుంది, కోళ్ల రైతుకూ పాడి రైతుకూ ఊరట, వచ్చేది మొలకెత్తే గింజ కాదు కాబట్టి పొలాలకు ముప్పు లేదు. ఇందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే మేం అడుగుతున్న దానికి ఇది జవాబు కాదు.

ఆ పిప్పి ఎవరి కోసం తయారైందో తెలిస్తే మా ఆందోళన అర్థమవుతుంది. పెట్రోల్‌లో ఇథనాల్ కలిపి తీరాలని అమెరికా 2005లో ఒక చట్టం, 2007లో ఇంకా పెద్ద లక్ష్యాలతో మరో చట్టం తెచ్చింది. అయోవా, నెబ్రాస్కా, ఇల్లినాయ్ మొక్కజొన్న చేల మధ్య ఫ్యాక్టరీలు లేచాయి. ఇప్పుడు దేశం మొత్తం మీద సుమారు 200 ఉన్నాయి. టన్ను మొక్కజొన్న మర పడితే దాదాపు 400 లీటర్ల ఇథనాల్, 300 కిలోల పిప్పి వస్తాయి. ఆ 300 కిలోలను ఎవరో ఒకరు తినాలి. పక్కనే ఫీడ్‌లాట్లు ఉన్నాయి. మాంసం కోసం పెంచే కోడెలను వేల సంఖ్యలో దొడ్లలో తోలి, నాలుగు నుంచి ఆరు నెలలు దండిగా మేపి, 600 కిలోలు దాటాక కబేళాకు పంపే చోట్లు అవి. తడి పిప్పిని లారీల్లో నేరుగా అక్కడికే తోలతారు. అందులో మూడింట రెండు వంతులు నీరే, ఎండాకాలం నాలుగైదు రోజులు నిల్వ ఉంటే బూజు పడుతుంది. తగు పాళ్లలో వేస్తే ఈ తడి పిప్పి మొక్కజొన్న కంటే ఎక్కువ ఒళ్లు పట్టిస్తుందని నెబ్రాస్కా యూనివర్సిటీ పరిశోధకులు ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి చూపించారు. అందుకే అక్కడి కోడెల మేతలో 15 నుంచి 40 శాతం దాకా ఇదే. చుట్టుపక్కల అమ్ముడుపోనిది గ్యాస్ కాల్చి ఎండబెట్టి ఓడలెక్కిస్తారు. మన రేవులకు వచ్చేది ఆ ఎండుదే.

ఇది మన కుడితి లాంటిదేగా, వృథా పోకుండా గొడ్డు నోట్లో పడుతోందిగా అనే వాళ్లున్నారు. పోలిక బాగానే ఉంది. కానీ కుడితి తొట్టిలో ఏం పడిందో పోసిన ఇల్లాలికి తెలుసు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, నాలుగు కూరగాయల తొక్కలు. అయోవాలో పులిసిన పిప్పిలో ఏముందో పాలమూరులో బస్తా విప్పే రైతుకు ఎవరు చెబుతారు?

ఉన్నవన్నీ అందులో మూడింతలవుతాయి. ఈ లెక్క దగ్గర కాస్త ఆగాలి. మొక్కజొన్న గింజలో మూడింట రెండు వంతులు పిండే. పిండి ఇథనాల్‌గానూ గ్యాస్‌గానూ మారిపోతే, మిగతావన్నీ మూడో వంతు బరువులోకి చేరతాయి. గింజలో 9 శాతం లోపున్న ప్రొటీన్ పిప్పిలో 27 నుంచి 30 శాతానికి ఎక్కుతుంది. అమ్మేవాళ్లు బ్రోషర్‌లో వేసుకునేది ఇదే. బ్రోషర్‌లో వేయనిది ఏమిటంటే, గింజకు పట్టిన బూజు వదిలే విషం, అఫ్లాటాక్సిన్ కూడా అదే మూడింతల లెక్కలో పోగవుతుంది. పులియబెట్టినా, కాచినా, ఎండబెట్టినా అది పోదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఈ విషానికి రెండు వేర్వేరు గీతలు గీసింది. కబేళాకు వెళ్లబోయే కోడెలకు పెట్టే మొక్కజొన్నలో 300 పీపీబీ దాకా ఫర్వాలేదంటుంది. పాలిచ్చే ఆవు మేతలో 20 దాటకూడదంటుంది. అంటే శత కోటి భాగాల్లో 300 ఒకచోట, 20 ఇంకోచోట. పదిహేను రెట్లు తేడా! కోడె తిన్నదాంట్లో మాంసంలోకి చేరేది చాలా తక్కువ, ఆవు తిన్నదాంట్లో కొంత పొదుగు దాకా వచ్చి పిల్లల గ్లాసులోకి దిగుతుంది కాబట్టే ఆ తేడా. మన దగ్గర ఫీడ్‌లాట్లు లేవు. మనకున్నవి ఈతకు ఈత పదేళ్లపాటు పూటపూటా పాలు పితికే బర్రెలు, ఆవులు. మరి మన రేవులో దిగే పిప్పికి ఏ గీత? వాళ్ల కోడెల గీతా, పాడి గీతా? ఎవరూ చెప్పరు. ఎందుకంటే ఎవరూ అడగలేదు.

గంధకం సంగతి ఇంకొకటి. ఇథనాల్ ఫ్యాక్టరీల్లో పులుపు సరిచూడటానికి, గొట్టాలు కడగడానికి గంధకామ్లం వాడతారు. అదీ పిప్పిలోకే చేరుతుంది. ధాన్యం ఎక్కువ, గడ్డి తక్కువ తినే పశువు మొత్తం మేతలో గంధకం 0.3 శాతానికి మించితే కష్టమని అమెరికా పోషణ నిపుణులే గీత గీశారు. మించితే కడుపులో విషవాయువు పుట్టి మెదడు దెబ్బతింటుంది. పశువుకు చూపు పోతుంది, గోడకు తల ఆనించి నిలబడిపోతుంది. తాగే నీళ్లలో సల్ఫేట్లుంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఫీడ్‌లాట్ యజమానికి ఇది తెలుసు, అతని దగ్గర పోషణ నిపుణుడుంటాడు, పిప్పికి ల్యాబ్ రిపోర్టు ఉంటుంది, పాళ్లు తగ్గించేస్తాడు. మన రైతు దగ్గరున్న కొలత చేట, దోసిలి.

పులియబెట్టే తొట్లలో చెడు బ్యాక్టీరియాను అణచడానికి యాంటీబయాటిక్స్ వేసే అలవాటూ అక్కడుంది. ఎఫ్‌డీఏ 2008 నుంచి తీయించిన నమూనాల్లో కొన్నింట్లో వాటి అవశేషాలు కనిపించాయి. పిప్పి తిన్న కోడెల పేడలో మనుషులకు ప్రాణాంతకమైన ఈ-కోలి బ్యాక్టీరియా రకం ఎక్కువగా కనిపించిందని అదే కాలంలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు తేల్చారు. తర్వాతి ప్రయోగాలన్నీ ఒకే మాట చెప్పలేదు, అదీ ఒప్పుకోవాలి. కానీ అక్కడ ఎవరో ఒకరు నమూనా తీశారు, ఎవరో ఒకరు పరీక్షించారు, జనం ముందు పెట్టారు. నెబ్రాస్కాలోని మీడ్ అనే చిన్న ఊళ్లో ఓ ఇథనాల్ ఫ్యాక్టరీ పురుగుమందు పట్టించిన విత్తన మొక్కజొన్న వాడింది. వచ్చిన పిప్పి పశువులకు పనికిరాక గుట్టలు పడింది, పరిసరాల్లో తేనెటీగలు చచ్చాయి, 2021లో అధికారులు ఫ్యాక్టరీ మూయించారు. నిబంధనలూ ల్యాబులూ ఉన్న చోటే ఇలా జరిగిందంటే, రెండూ అరకొరగా ఉన్న చోటు సంగతి ఏమిటి?

మన ఇంటి లెక్కా విప్పుదాం. 2018లో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దేశమంతా 6,432 పాల నమూనాలు పరీక్షించింది. 368 నమూనాల్లో అఫ్లాటాక్సిన్ ఎం1, అంటే ఆ విషం పాలలోకి దిగే రూపం, పరిమితి దాటి ఉంది. నీళ్లు కలిపారా, యూరియా కలిపారా అని మనం పాలవాణ్ని అనుమానిస్తూ కూర్చున్నాం, విషం మాత్రం పొదుగులోంచే వచ్చింది. ఇది దాణా, మేత ద్వారా వస్తోందని, దేశంలో వాటి మీద నియంత్రణ లేదని ఆ సంస్థే చెప్పుకుంది. పశువుల దాణాకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం తప్పనిసరి అని 2019 చివర్లో ఆదేశం ఇచ్చింది. ఆ తర్వాత నడిచిన కథ అంతా గడువుల పొడిగింపే. దాణాకు ఒక గట్టి నిబంధన పెట్టలేకపోయినవాళ్లు దాణా దిగుమతికి మాత్రం తలుపులు బార్లా తెరుస్తున్నారు.

ఈ ఒక్కసారికే అంటారు. 2021లోనూ అలాగే అన్నారు. కోళ్ల దాణా మండిపోతోందని ఆ ఏడాది ఆగస్టులో 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతించారు. నూనె తీసేసిన చెక్క మొలకెత్తదు కాబట్టి అభ్యంతరం లేదన్నారు. గడువు పొడిగించారు, మళ్లీ పొడిగించారు. అప్పుడు చెక్కకు చెప్పిన మాటే ఇప్పుడు పిప్పికి చెబుతున్నారు. అమెరికా మొక్కజొన్నలో 90 శాతానికి పైగా జన్యుమార్పిడి పంటే. ఆ గింజను ఇక్కడ విత్తనీయం. మనుషులు తినే మొక్కజొన్న దిగుమతి చేసుకోవాలంటే జన్యుమార్పిడి కాదని సర్టిఫికెట్ కావాలని 2021 మార్చి నుంచి నిబంధన. గింజ ముఖద్వారం దగ్గర ఆగిపోతుంది, దాని పిప్పి దొడ్లోంచి దర్జాగా నడిచొస్తుంది.

జన్యుమార్పిడి పేరు చెప్పి జనాన్ని హడలగొట్టడం మా పని కాదు. మన గొడ్లు రెండు దశాబ్దాలుగా తింటున్న పత్తిచెక్కలో ఎక్కువ భాగం బీటీ పత్తిదే, ఆ సంగతి ఏ రైతునడిగినా చెబుతాడు. మా అభ్యంతరం రెండు నాలుకల మీద. వద్దనుకుంటే పిప్పినీ ఆపండి. ఫర్వాలేదనుకుంటే పార్లమెంటులో నిలబడి ఆ మాటే చెప్పండి. ‘పాడి రంగం మీద ఈగ వాలనివ్వలేదు’ అని ఒక నోటితో అంటూ, పాడి పశువు నోటి దగ్గరకు ఏం చేరుతోందో చూడకపోవడం ఏ రకం కాపాడటం?

ఇక్కడి ఫ్యాక్టరీల పిప్పి కడిగిన ముత్యమనీ మేం అనడం లేదు. 2018 జీవ ఇంధన విధానం మనుషులు తినడానికి పనికిరాని పాడైన ధాన్యం నుంచి కూడా ఇథనాల్ తీయొచ్చంది. తడిసి బూజు పట్టిన గింజలోని విషం ఎటు పోతుందో పైన చెప్పుకున్నాం. 2024-25లో ఎఫ్‌సీఐ గోదాముల్లోంచి 52 లక్షల టన్నుల బియ్యం ఇథనాల్‌కు కేటాయించారు. ఆ పిప్పీ, మొక్కజొన్న పిప్పీ మార్కెట్‌ను ముంచెత్తి సోయా చెక్కకు గిరాకీ పడగొట్టాయి. సోయా మద్దతు ధర కంటే దిగువన అమ్ముకోవాల్సి వచ్చిందని ఆదిలాబాద్ రైతు నెత్తి బాదుకున్నాడు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ జనం రోడ్డెక్కితే సర్కారు పనులు ఆపించాల్సి వచ్చింది. ఇంట్లోనే పిప్పి ఎక్కువై, దాన్ని పరీక్షించే దిక్కు సరిగా లేనప్పుడు ఓడల మీద మరింత తెప్పించుకోవడం ఎవరి అవసరం? చైనా ఒకప్పుడు అమెరికా ఎగుమతిలో సగం దాకా కొనేది. మరీ చవగ్గా తెచ్చి కుమ్మరిస్తున్నారంటూ 2017లో డంపింగ్ నిరోధక సుంకాలు వేసి గేటు వేసింది. అప్పట్నుంచి ఆ సరుక్కి కొత్త వాకిళ్లు వెతుకుతున్నారు. అవసరం ఎవరిదో దీన్నిబట్టే తెలుస్తోంది.

షరతులు పెడితే ఒప్పందం చెడుతుందన్న టెన్షన్ అక్కర్లేదు. అదే చైనా 2014లో, తాను అనుమతించని ఒక జన్యుమార్పిడి రకం పిప్పిలో లేదని అమెరికా ప్రభుత్వమే సర్టిఫికెట్ ఇవ్వాలంది. సరుకులో పురుగులున్నాయని వియత్నాం 2016 డిసెంబర్‌లో దిగుమతి ఆపేసి, శుద్ధి పద్ధతి తేలాక 2017 సెప్టెంబర్‌లో గానీ తెరవలేదు. ఆ రెండు దేశాలకూ అమెరికాతో వ్యాపారం ఆగిపోలేదు. అడిగిన వాళ్లకు దొరికింది. మనం అడగలేదు.

విశాఖలోనో ముంద్రాలోనో తొలి ఓడ లంగరు వేసేలోపు వాణిజ్య శాఖ, పశుసంవర్ధక శాఖ కలిసి ఒక్క కాగితం బయటపెట్టాలి. ప్రతి ఓడ సరుకులో అఫ్లాటాక్సిన్, గంధకం, యాంటీబయాటిక్ అవశేషాలు ఎక్కడ పరీక్షిస్తారు, ఎంత దాటితే వెనక్కి పంపుతారు, 20 గీత గీస్తారా, 300 గీత గీస్తారా, దాణా బస్తా మీద పిప్పి ఎంత శాతమో తెలుగులో అచ్చేయిస్తారా లేదా. అదే కాగితం దేశంలోని డిస్టిలరీలకూ వర్తించాలి. 2019 నుంచి నానుతున్న బీఐఎస్ ఆదేశం అమలు తేదీ కూడా అందులోనే రాయాలి. ఈసారి పొడిగింపు లేని తేదీ. అది చేతిలో పెట్టాక పాడి రైతును కాపాడామని ఎన్ని ప్రెస్‌మీట్లయినా పెట్టుకోండి. అప్పటిదాకా అమెరికా ఆవు ఏం తిందని అడగడం కూడా మానేయండి, ఆ ప్రశ్న మీ నోట బాగోదు.