ఆ గొట్టంలో ఏముందో ముందే చెప్పాలి

విశాఖ ఆర్.కె. బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టిన కురుసుర జలాంతర్గామిలోకి వెళ్లినవాళ్లకు టార్పిడోల గది, అంటే నీళ్లలోనే దూసుకుపోయి నౌకలను పేల్చే ఆయుధాల గది, గుర్తుండే ఉంటుంది. మొన్న సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయిని తీసుకుని మరోసారి వెళ్లాను. గైడుగా ఉన్నాయన నౌకాదళంలో పనిచేసి విరమించిన పెద్దమనిషి. గుండ్రటి మూతలున్న ఆరు గొట్టాల ముందు నిలబడి, "చూడమ్మా, దీని వెడల్పు 533 మిల్లీమీటర్లు, అంటే 21 అంగుళాలు, దాదాపు అన్ని దేశాలకూ ఇదే కొలత" అని చెప్పారు. మా అమ్మాయి చేయి చాచి కొలిచింది. మూరకు కాస్త ఎక్కువ. "ఇందులోంచి మిసైల్ కూడా పంపొచ్చా నాన్నా?" అని అడిగింది. ఈ పాత డీజిల్ పడవలోంచి కాదు గానీ, ఈ కొలత గొట్టంలోంచి పంపొచ్చు. అమెరికా వాళ్ల టోమాహాక్ క్రూయిజ్ క్షిపణిని, అంటే చిన్న విమానంలా తక్కువ ఎత్తులో ఎగురుతూ పోయేదాన్ని, సరిగ్గా ఈ మందానికి ఇమిడేలా తయారు చేశారు. మూత బిగించాక లోపల ఉన్నది టార్పిడోనో, వెయ్యి కిలోమీటర్లకు పైగా పోయే క్షిపణో, ఆ క్షిపణి ముక్కులో మామూలు పేలుడు పదార్థమో, అణ్వస్త్రమో బయటివాడికి తెలిసే దారి లేదు.

ఆ రోజు నుంచీ నా మనసులో మెదులుతున్న మాటను కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపికగా చదవండి. అదే ఊళ్లోని షిప్ బిల్డింగ్ సెంటర్‌లో కట్టిన అరిహంత్ 2009 జులై 26న నీళ్లలో దిగింది. రెండోదైన అరిఘాత్ 2024 ఆగస్టు 29న నౌకాదళంలో చేరింది. ఇవి రాకెట్‌లా పైకెగసి దూరాన పడే బాలిస్టిక్ క్షిపణులు మోసే నౌకలు, అణ్వస్త్రాల కోసమే పుట్టినవి, ఆ విషయంలో ఎవరికీ సందేహం లేదు. కానీ 2024 అక్టోబరులో అణుశక్తితో నడిచే రెండు దాడి జలాంతర్గాముల నిర్మాణానికి కేంద్ర మంత్రివర్గ భద్రతా వ్యవహారాల కమిటీ ఆమోదం తెలిపిందని పత్రికలన్నీ రాశాయి. ఈ కాలంలో దాదాపు ఏ దేశమూ క్రూయిజ్ క్షిపణులు లేకుండా అలాంటి నౌకను కట్టదు. నేను అడుగుతున్నది ఒక్కటే. ఈ నౌకల్లో పెట్టే క్రూయిజ్ క్షిపణులకు అణు వార్‌హెడ్‌లు, అంటే ముక్కులో అమర్చే అణు పేలుడు భాగాలు, ఉండవని, మొదటి నౌక నీళ్లలో దిగకముందే భారత ప్రభుత్వం బహిరంగంగా ప్రకటించాలి.

నేను అణుజలాంతర్గాములకు వ్యతిరేకిని కాను. డీజిల్ జలాంతర్గామి బ్యాటరీల మీద నడుస్తుంది. వాటిని నింపుకోవడానికి అది నీటి పైభాగానికి వచ్చి గాలి గొట్టం బయటపెట్టక తప్పదు, దొరికిపోయేది సరిగ్గా అప్పుడే. రియాక్టరుతో నడిచే నౌకకు ఆ అవసరం లేదు. నెలల తరబడి లోతులోనే ఉండగలదు, లోపలివాళ్ల తిండి అయిపోతేనే తిరిగి రావాలి. ఇంత పొడవైన తీరమున్న దేశానికి, హిందూ మహాసముద్రంలో చైనా నౌకల రాకపోకలు ఏటేటా పెరుగుతున్న రోజుల్లో, ఇది అవసరమైన ఖర్చే. నా అభ్యంతరమంతా స్పష్టత లేకపోవడం మీదే.

ఈ రకం నౌకల చరిత్ర చూస్తే ఈ అస్పష్టత వాటితోపాటే పుట్టిందని అర్థమవుతుంది. 1960లో అమెరికా నౌకాదళంలో చేరిన హాలిబట్ రియాక్టరుతో నడుస్తూ క్రూయిజ్ క్షిపణులు మోసిన మొదటి జలాంతర్గామి. దాని ముందుభాగంలో పెద్ద హ్యాంగరు, అందులో రెగ్యులస్ అనే అణు క్షిపణులు. ప్రయోగించాలంటే నౌక పైకి తేలాలి, క్షిపణిని బయటకు లాగి పట్టాల మీద నిలబెట్టాలి. సోవియట్ వాళ్లు కట్టిన ఎకో తరగతి నౌకలదీ ఇదే అవస్థ. వాటిలో రెండో రకం నౌకలు 29 కట్టారు. ఒక్కోదానిలో ఎనిమిది క్షిపణులు, అమెరికా విమాన వాహక నౌకలను ముంచడమే వాటి పని. కానీ కాల్చడానికి పైకి తేలి, కాల్చాక క్షిపణికి దారి చూపడానికి కూడా పైనే ఉండాల్సి వచ్చేది. సముద్రం మీద తేలి ఉన్న జలాంతర్గామికి ఒక్కొక్క నిమిషమూ ప్రాణగండమే.

ఆ గండాన్ని దాటించింది సోవియట్ వాళ్లదే అయిన చార్లీ తరగతి. నీటి లోపలి నుంచే క్రూయిజ్ క్షిపణిని వదలగలిగిన మొదటి నౌకలు అవే. వాటి అమెతిస్త్ క్షిపణి పోయేది 70 కిలోమీటర్ల లోపే అయినా, వచ్చేదాకా ఎవరికీ ఆచూకీ ఉండదు. ఆ తరగతి నౌక ఒకటి మన విశాఖకు వచ్చింది. 1988లో సోవియట్ యూనియన్ నుంచి మూడేళ్ల అద్దెకు తీసుకున్న మొదటి ఐఎన్ఎస్ చక్ర అదే. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. వీధి అరుగుల మీద కూర్చున్న పెద్దవాళ్లలో సగం మంది మన ఊరికి అణుబాంబు వచ్చిందనే అనుకున్నారు. మా నాన్న పేపరు మడిచి పక్కన పెట్టి, "అది నడిచేది అణుశక్తితోరా, మోసేది అణుబాంబు కాదు, రెండూ వేరు" అని విడమర్చి చెప్పారు. ఆయన చెప్పింది నిజం. అద్దె ఒప్పందం ప్రకారం అందులో అణ్వస్త్రాలు లేవు. ఇంజనుకు ఉన్న అణువు వేరు, ఆయుధానికి ఉన్న అణువు వేరు అన్న ఆ తేడాను అరుగు మీద మనుషులకే అంత వివరంగా చెప్పాల్సి వచ్చినప్పుడు, అర్ధరాత్రి రాడార్ తెర ముందు కూర్చున్న పరాయి దేశపు అధికారికి దాన్ని ఎవరు చెబుతారు? అతనికి కనిపించేది నీళ్లలోంచి లేచి తన తీరం వైపు వస్తున్న ఒక చుక్క మాత్రమే.

రష్యా అణుజలాంతర్గామి కుర్స్క్ సంగతి ఇక్కడ చెప్పాలి. 154 మీటర్ల పొడవున్న ఆ ఆస్కార్ తరగతి నౌకలో 24 గ్రానిట్ క్రూయిజ్ క్షిపణులకు చోటుంది, వాటికి మామూలు వార్‌హెడ్ అయినా అణు వార్‌హెడ్ అయినా అమర్చవచ్చు. 2000 ఆగస్టు 12న బారెంట్స్ సముద్రంలో, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో నడిచే టార్పిడో ఒకటి గదిలోనే పేలింది. రెండు నిమిషాలు దాటగానే మిగతా టార్పిడోలు పేలాయి. నౌకలోని 118 మందీ పోయారు. వెనక గదిలో 23 మంది కొంతసేపు బతికే ఉన్నారు. వారిలో ఒకరైన కోలెస్నికోవ్ అనే అధికారి చీకట్లో తడుముకుంటూ వారి పేర్ల జాబితాను కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాడు. ఆ కాగితం గురించి మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పక్కనే ఉన్న నార్వేకు అప్పుడు పట్టుకున్న భయం వేరు. రియాక్టరు ఎలా ఉంది, లోపల అణ్వస్త్రాలున్నాయా అన్నది. రష్యా నౌకాదళం లేవంది. కానీ శనివారం జరిగిన ప్రమాదాన్ని ఆదివారం జరిగిందని మొదట చెప్పినవారూ వారే, దాన్ని చిన్న సాంకేతిక ఇబ్బంది అన్నవారూ వారే. అంత ఆపద ముంచుకొచ్చాక చెప్పిన మాటను, అది నిజమే అయినా, నమ్మించడం కష్టం. ఏ గొడవా లేని రోజుల్లో, పదిమందిలో చెప్పి, ఏళ్ల తరబడి నిలబెట్టుకున్న మాటకే ఆపదలో విలువ ఉంటుంది.

అలా చెప్పి నిలబెట్టుకున్న ఉదాహరణ కూడా ఉంది, అది అమెరికాదే. 1991 సెప్టెంబరు 27న అధ్యక్షుడు బుష్ తమ యుద్ధనౌకల మీదా దాడి జలాంతర్గాముల్లోనూ ఉన్న అణు టోమాహాక్‌లను ఒడ్డుకు చేర్చేస్తున్నామని ప్రకటించాడు. వారం తిరగగానే సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్ అటు నుంచి అలాంటి ప్రకటనే చేశాడు. ఆ అణు టోమాహాక్‌లు మళ్లీ సముద్రం ఎక్కలేదు, తర్వాత పూర్తిగా రద్దయ్యాయి. ఆ తర్వాత ఒహాయో తరగతిలోని 18 బాలిస్టిక్ క్షిపణి నౌకల్లో నాలుగింటిని, ట్రైడెంట్ అణు క్షిపణులు తీసేసి క్రూయిజ్ క్షిపణుల నౌకలుగా మార్చారు. 24 గొట్టాల్లో 22 గొట్టాలకు ఏడేసి చొప్పున 154 టోమాహాక్‌లు. 2011 మార్చిలో లిబియా మీద దాడి మొదలైనప్పుడు వాటిలో ఒకటైన ఫ్లోరిడా 90కి పైగా క్షిపణులు వదిలింది. ఆ యుద్ధం మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు, దాని ఫలితం మీద నాకు గట్టి అభ్యంతరాలున్నాయి. కానీ ఒకప్పుడు అణు క్షిపణులు మోసిన నౌకలోంచి అన్ని క్షిపణులు లేచినా, ప్రపంచంలో ఏ రాజధానిలోనూ అవి అణు క్షిపణులేమోనని ఎవరూ ఉలిక్కిపడలేదు. ఇరవై ఏళ్లు నిలబెట్టుకున్న మాట అక్కడ పనికొచ్చింది. అందుకే ఇప్పుడు అదే దేశం సముద్రం నుంచి వదిలే అణు క్రూయిజ్ క్షిపణిని మళ్లీ తయారు చేస్తోందంటే నాకు ఆందోళనగా ఉంది. 2018లో మొదలైన ఆ ఆలోచనను మధ్యలో ఒక ప్రభుత్వం ఆపాలని చూసినా వాళ్ల కాంగ్రెస్ ఆపనివ్వలేదు. ముప్పై ఏళ్లుగా ఉన్న నమ్మకాన్ని వాళ్లు చేతులారా పోగొట్టుకుంటున్నారు.

ఇదంతా దూరదేశాల కథ, మనకెందుకు అనుకునేవాళ్లు 2022 మార్చి 9ని గుర్తు చేసుకోవాలి. ఆ రోజు మన వైపు నుంచి పొరపాటున వెళ్లిన ఒక బ్రహ్మోస్ క్షిపణి పాకిస్తాన్ పంజాబులోని మియాన్ చన్నూ దగ్గర పడింది. రెండు రోజుల తర్వాత మన ప్రభుత్వం విచారం ప్రకటించింది, ఆగస్టులో ముగ్గురు వాయుసేన అధికారులను ఉద్యోగం నుంచి తొలగించారు. అది శాంతి సమయం, ఎక్కడి నుంచి వచ్చిందో రాడార్‌లో కనిపించింది, అందులో వార్‌హెడ్ లేదు. అదే పొరపాటు సరిహద్దులో కాల్పులు జరుగుతున్న వారంలో, ఎక్కడుందో తెలియని జలాంతర్గామి నుంచి, ధ్వనికి దాదాపు మూడింతల వేగంతో జరిగితే, ఎదుటివాడికి ఆలోచించుకోవడానికి మిగిలేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల్లో అతను "ఇండియా జలాంతర్గామి క్రూయిజ్ క్షిపణుల్లో అణ్వస్త్రాలుండవు" అనుకోగలగాలి. అతను అలా అనుకోవడం అతని మేలు కన్నా మన మేలుకే ఎక్కువ అవసరం.

ఇలా అన్నప్పుడల్లా మిత్రులు ఒక మాట అంటారు. శత్రువుకు అనుమానం ఉండనీ, భయపడతాడు కదా, భయమే కదా మనకు కావలసింది అని. ఆ వాదనలో బలం ఉంది, కాదనను. కానీ అణ్వస్త్రాలతో భయపెట్టే పనికి మనకు అరిహంత్, అరిఘాత్ ఉన్నాయి. అణ్వస్త్రాన్ని ముందుగా మేం వాడబోమని 2003 జనవరి 4న ప్రభుత్వమే అధికారికంగా చెప్పింది. ముందుగా వాడబోమన్న దేశపు దాడి జలాంతర్గామి మొదటి రోజే మామూలు క్షిపణులు వాడాల్సి వస్తుంది, దాని పని అదే. అవి అణు క్షిపణులేమోనన్న అనుమానం ఉంటే, ఆ మాట విలువే పోతుంది. పైగా అనుమానం ఉన్న ఆయుధాన్ని వాడటానికి మనవాళ్లే జంకుతారు. వేల కోట్లు పోసి కట్టిన నౌక, అవసరమైన రోజున ఢిల్లీ నుంచి అనుమతి రాక ఊరికే తిరుగుతూ ఉంటుంది.

మరికొందరు, ఉత్త మాటను ఎవరు నమ్ముతారు అంటారు. అందుకే మాటతోపాటు కట్టడంలోనూ తేడా చూపాలంటున్నాను. బ్రహ్మోస్ లావు ఈ 21 అంగుళాల గొట్టంలో పట్టదు. 2013 మార్చి 20న విశాఖ తీరానికి అవతల నీళ్లలో ముంచిన వేదిక నుంచి దాన్ని పరీక్షించినప్పుడు కూడా నిలువుగానే వదిలారు. కాబట్టి కొత్త నౌకలకు నిలువు గొట్టాలు పెడతారనే నా ఊహ. ఆ గొట్టాల కొలత, అమరిక బాలిస్టిక్ క్షిపణులకు పనికిరాని విధంగా ఉండాలి. అణు వార్‌హెడ్‌ల నిల్వకు, ఈ నౌకలు ఆగే రేవుకు సంబంధం ఉండకూడదు. అణ్వస్త్రాల ఆదేశాలు నడిచే దారిలో ఈ నౌకల అధికారులు ఎక్కడా ఉండకూడదు. వికారాబాద్ దామగుండం అడవిలో కట్టే రాడార్ కేంద్రమని చాలామంది పిలుస్తున్నది నిజానికి జలాంతర్గాములకు సందేశాలు పంపే అతి తక్కువ పౌనఃపున్యపు రేడియో కేంద్రం. అక్కడి నుంచి రెండు రకాల నౌకలకూ సందేశాలు వెళ్లినా, వాటి సంకేతాలు, వాటిని పంపే మనుషులు వేరువేరుగా ఉండాలి. ఇవన్నీ బయటపెట్టమని నేను అడగడం లేదు. కానీ ఇవి ఉన్నాయని పొరుగు దేశాల నిఘా వర్గాలకు తెలిసేలా ఉంటే చాలు, నమ్మకం అక్కడి నుంచే మొదలవుతుంది.

చైనా 093బి రకం నౌకలను క్రూయిజ్ క్షిపణుల అణుజలాంతర్గాములుగా అమెరికా రక్షణ శాఖ లెక్కిస్తోంది. పాకిస్తాన్ 2017 జనవరిలో నీటి లోపలి నుంచి బాబర్-3 క్రూయిజ్ క్షిపణిని పరీక్షించి, అది రకరకాల వార్‌హెడ్‌లు మోయగలదని చెప్పుకుంది. వాళ్లు చెప్పడం లేదు కాబట్టి మనమూ చెప్పకూడదన్న వాదన నాకు అర్థం కాదు. ముందుగా వాడబోమన్న మాట కూడా పాకిస్తాన్ చెప్పేదాకా ఆగి చెప్పింది కాదు.

అందుకని విశాఖ, అనకాపల్లి ఎంపీలు ఈ విషయాన్ని పార్లమెంటులో లేవనెత్తాలి. నౌకలు కట్టేది విశాఖలో, రాంబిల్లి దగ్గర వాటికి స్థావరం తయారవుతోంది, ఏదైనా పొరపాటు జరిగితే మొదట గురిపెట్టేది ఈ తీరాన్నే. రక్షణ మంత్రి సభలో ఒక్క వాక్యం చెబితే మొదటి పని అయినట్టే. రెండో పని పాకిస్తాన్‌తో కలిసి చేయాల్సినది. బాలిస్టిక్ క్షిపణి పరీక్షల గురించి ముందుగా చెప్పుకోవాలని 2005 అక్టోబరులో రెండు దేశాలూ సంతకాలు చేసిన ఒప్పందం ఎన్ని గొడవలొచ్చినా ఇప్పటికీ నడుస్తోంది. అందులో క్రూయిజ్ క్షిపణులు లేవు. వాటిని చేర్చమని మొదట అడిగేది మన దేశమే కావాలి.