ఎదగనివ్వకపోతే బోన్సాయ్ అవుతుందట!

తొలకరి దగ్గర పడుతుందంటే చాలు, హనుమకొండ, కరీంనగర్ వైపు మొక్కల వాట్సాప్ గ్రూపుల్లో బోన్సాయ్ గురించి, అంటే కుండీలో పెద్ద చెట్టులా కనిపించేలా పెంచే పొట్టి చెట్ల గురించి, ఒక మెసేజ్ మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది. సారాంశం ఇది: "బోన్సాయ్ విత్తనాలు ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. మొలక రాగానే పళ్ళెం లాంటి కుండీలో పెట్టండి, కుండీ చిన్నదైతే చెట్టు దానంతటదే పొట్టిగా ఉంటుంది. నీళ్ళు వారానికోసారి చాలు, ఎరువు అసలే వద్దు, ఆకలే బోన్సాయ్ రహస్యం. మన ఎండకు బయట బతకదు కాబట్టి హాల్లో టీవీ పక్కన పెట్టండి. కొమ్మలు వంచడానికి లోహపు తీగ చుట్టి ఏడాది పాటు వదిలేయండి. అంత ఓపిక లేనివాళ్ళు అడవిలోనో పాత గుడి గోడ మీదో ముదురు మొక్క చూసి పీకి తెచ్చుకోండి, పైసా ఖర్చు లేదు." దాని కింద ఎవరో ఒకరు తప్పకుండా జవాబు పెడతారు: "చెట్టును హింసించడం మహాపాపం. ఎదుగుదల ఆగిన చెట్టు ఇంట్లో ఉంటే ఇంటి ఎదుగుదల కూడా ఆగిపోతుంది."

వీళ్ళిద్దరూ పోట్లాడుకుంటున్నట్టు కనిపిస్తారు గాని ఇద్దరి నమ్మకం ఒకటే. బోన్సాయ్ అంటే చెట్టును ఎదగకుండా ఆపడమని. అసలు తప్పు అక్కడే ఉంది. బోన్సాయ్ పెంచేవాళ్ళు ముందు చెట్టును బాగా ఎదగనిస్తారు, తర్వాత కోస్తారు, మళ్ళీ ఎదగనిస్తారు. ఎదగని చెట్టు మీద కత్తెరకు పనే ఉండదు. కొత్తవాళ్ళ మొదటి చెట్లలో చాలా వరకు చచ్చిపోయేది ఈ సంగతి తెలియకనే.

విత్తనాల సంగతి చూద్దాం. బోన్సాయ్ అనే జాతి చెట్టు ఎక్కడా లేదు. ఆ ప్యాకెట్లలో వచ్చేవి మామూలు పైన్, మేపుల్, గుల్‌మొహర్ లాంటి చెట్ల విత్తనాలే, నేలలో నాటితే ఇంటిని మించి పెరుగుతాయి. పైన్, మేపుల్ రకాల్లో చాలా వాటి విత్తనాలు కొన్ని వారాలు తడిగా, చల్లగా ఉంటే గాని సరిగ్గా మొలవవు. మొలిచినా ఆ చెట్లకు ఏటా చలికాలంలో పూర్తి విశ్రాంతి కావాలి. మనకూ సంక్రాంతి ముందు తెల్లవారుజామున చలిమంటలు వేసుకునే రోజులుంటాయి, నిజమే. కాని మధ్యాహ్నానికి మళ్ళీ ఎండే. ఆ మాత్రం చలి వాటికి చాలదు.

విత్తనమే కావాలంటే వంటింట్లో చింతగింజ ఉంది, పెద్ద కష్టం లేకుండా మొలుస్తుంది, ఆకు చిన్నది కాబట్టి పొట్టి చెట్టుగా అందంగా కూడా ఉంటుంది. పిల్లల చేత ఒకటి నాటించండి. కాని మీ మొదటి బోన్సాయ్‌గా దాని మీద ఆశ పెట్టుకోకండి, కాండం కాస్త లావెక్కడానికే ఏళ్ళు పడుతుంది. కొత్తవాళ్ళకు కావలసింది ఇప్పటికే కాండం ఉన్న నర్సరీ మొక్క. మన నర్సరీలకు కడియం నుంచి లారీల్లో వచ్చే మొక్కల్లో చిన్నాకు ఫైకస్ (మర్రి, రావి జాతిదే), దళసరి ఆకుల జేడ్, కాగితం పూలు ఎప్పుడూ ఉంటాయి. 'బోన్సాయ్' అని చీటీ అంటించి, పింగాణీ కుండీలో తెల్లరాళ్ళు జిగురుతో అతికించి అమ్మేదాన్ని వదిలేసి, వెనక వరసలో నల్ల కవర్లో ఎవరూ పట్టించుకోని మొక్కల దగ్గర కూర్చోండి. మట్టి కాస్త తప్పించి మొదలు చూడండి. కింద లావుగా, పైకి పోను పోను సన్నబడుతూ, వేర్లు అన్ని వైపులకూ పరుచుకున్నట్టు ఉంటే అదే మీ చెట్టు. ఆకులు నాలుగు తక్కువున్నా, కొమ్మ వంకరున్నా ఫర్వాలేదు. నర్సరీవాళ్ళు "అది బాలేదు సార్, ఇది తీసుకోండి" అని నిటారుగా ఉన్నది చూపిస్తారు. నవ్వి ఊరుకోండి.

రావి, మర్రి గురించి కూడా అడుగుతుంటారు. రెండూ మొండి చెట్లు, మన ఎండకు సరిగ్గా సరిపోతాయి. అయితే రావి ఆకు పెద్దది, చెట్టు అడుగున్నర ఎత్తే ఉంటే ఆకులే కనిపిస్తాయి, చెట్టు కనిపించదు. దాన్ని కాస్త పెద్ద సైజులోనే పెంచాలి. ఆ చెట్లను ఇంట్లో పెంచడం ఇష్టం లేనివాళ్ళు కూడా మన దగ్గర ఎక్కువే. వాళ్ళకు జేడ్ చాలు.

ఇక చిన్న కుండీ సిద్ధాంతం. ఎక్కువ నష్టం చేసేది ఇదే. కాండం లావెక్కేది ఆకుల వల్ల. ఆకులు ఎంత ఎక్కువగా ఉంటే అంత ఆహారం తయారవుతుంది, ఆ బలంతోనే కాండం ఏటా కొంత కట్టె కట్టుకుంటుంది. మొలకను తెచ్చి రెండంగుళాల లోతు పళ్ళెంలో పెడితే వేర్లకు చోటుండదు, వేర్లు లేక ఆకులుండవు, ఆకులు లేక కాండం పెన్సిల్ దగ్గరే ఆగిపోతుంది. అయిదేళ్ళ తర్వాత కూడా అది పళ్ళెంలో నిలబెట్టిన పుల్లలాగే ఉంటుంది. మీరు ఫొటోల్లో చూసే లావు మొదలున్న చెట్లు ఎక్కువ భాగం నేలలోనో పెద్ద తొట్టిలోనో ఏళ్ళ తరబడి ఇష్టం వచ్చినట్టు పెరిగినవే. మనిషి ఎత్తుకు మించి ఎదగనిచ్చి, మొదలు కావలసినంత లావయ్యాక అడుగు ఎత్తులో నరికి, అక్కడి నుంచి కొత్త కొమ్మలు తీసినవి. పళ్ళెం కుండీ వచ్చేది అన్నిటికన్నా చివర. దాన్ని మొదట్లోనే కొనడం దండగ.

చెట్టును చిన్నగా ఉంచేది కుండీ కంటే కత్తెర. కొమ్మ కొనలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగుతూ పక్క మొగ్గల్ని నిద్రలో ఉంచుతుంది. కొన తుంచగానే ఆ అడ్డు తొలగి కింది మొగ్గలు మేలుకుంటాయి. ఒక కొమ్మ రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. బంతికి, మల్లెకు మన ఆడవాళ్ళు ఎప్పటి నుంచో చేస్తున్న పనే ఇది. అయితే తుంచిన తర్వాత మొగ్గ రావాలంటే చెట్టులో శక్తి ఉండాలి.

అందుకే "ఆకలే రహస్యం" అన్న మాట చదివితే ఒళ్ళు మండుతుంది. కుండీలో మట్టి తక్కువ, రోజూ పోసే నీళ్ళతో అందులోని సారం కిందికి కొట్టుకుపోతుంది. నేలలో ఉన్న చెట్టు వేరు చాచి వెతుక్కుంటుంది, దీనికి ఆ వీల్లేదు. కాబట్టి బోన్సాయ్‌కి ఎరువు కొంచెం కొంచెంగా, క్రమం తప్పకుండా ఇవ్వాలి, ముఖ్యంగా చిగుర్లు వేసే కాలంలో. వేపపిండి, బాగా మాగిన పశువుల ఎరువు, వర్మీకంపోస్ట్, ఏది దొరికితే అది. ఆకలితో మాడ్చితే చెట్టు పొట్టిది కాదు, చచ్చిపోతుంది. అమెరికాలో వాషింగ్టన్ నేషనల్ ఆర్బొరేటమ్‌లో ఒక జపనీస్ తెల్ల పైన్ ఉంది. 1625 నుంచి బోన్సాయ్‌గా పెరుగుతున్నదని రికార్డు. 1945లో హిరోషిమా మీద అణుబాంబు పడినప్పుడు ఆ ఊళ్ళోనే ఒక నర్సరీ గోడ చాటున ఉండి బతికింది. 1976లో దాన్ని పెంచుతున్న యమాకి కుటుంబం అమెరికాకు బహుమతిగా ఇచ్చింది. తిండి పెట్టకుండా ఏ చెట్టునైనా నాలుగు వందల ఏళ్ళు నిలపగలరా?

మట్టి గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. అది ఉండి ఉంటే సగం మెసేజ్‌ను క్షమించేవాణ్ణి. మన నల్లరేగడి పత్తికి బంగారం, కుండీలో మాత్రం విషం. తడిస్తే బంకమన్ను, ఎండితే పగుళ్ళు, వేరుకు గాలి అందదు. చెలక ఎర్రమట్టిని జల్లెడ పట్టి, పొడి పారేసి, గరుకు భాగం మాత్రం తీసుకోండి. ఇటుక ముక్కలు శనగగింజంత సైజులో కొట్టి కలపండి, కొంచెం మాగిన ఎరువు కలపండి. గ్రానైట్ క్వారీలున్న జిల్లాల్లో ఉన్నాం, క్రషర్ చిన్న కంకరకు కరువు లేదు, అదీ కొంత వేయవచ్చు. నీళ్ళు పోస్తే పైన నిలవకుండా చప్పున కింది రంధ్రంలోంచి రావాలి. అంతే పరీక్ష.

"మన ఎండకు బతకదు, హాల్లో పెట్టండి" అన్నదానిలో పావు నిజం ఉంది. ముందు ముప్పావు అబద్ధం చూద్దాం. వెలుగును లక్స్‌లలో కొలుస్తారు, ఎండలో అది లక్ష లక్స్ దాకా ఉంటుంది. టీవీ పక్కన, పగలు కూడా, కొన్ని వందల లక్స్ మించదు. మన కంటికి గది వెలుతురుగానే కనిపిస్తుంది, ఆకుకు అది చీకటి. ఫైకస్ ముందు ఆకులు రాల్చి, తర్వాత సన్నటి పొడుగు కొమ్మలు వేసి, నెమ్మదిగా నీరసిస్తుంది. చలి ప్రాంతాల సూదాకు చెట్టు జునిపర్ అయితే ఇంకా మోసం. వేర్లు చచ్చిన తర్వాత కూడా వారాల తరబడి పచ్చగానే ఉంటుంది. "అన్నా, ఆకు పచ్చగనే ఉన్నది గదా, నీళ్ళు పోస్తనే ఉన్న" అని ఫొటో పంపేవాళ్ళకు ఏం చెప్పాలో తోచదు. అది అప్పటికే పోయి ఉంటుంది.

పావు నిజం ఏమిటంటే, మన వేసవి నిజంగానే ప్రమాదం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, నాలుగంగుళాల కుండీ ఎంత? మే నెలలో 43, 44 డిగ్రీలు మనకు వార్త కూడా కాదు. అయితే అప్పుడు చెట్టును చంపేది తరచుగా ఆకు మీది ఎండ కాదు, కాలిన డాబా మీద కూర్చున్న కుండీ. స్లాబ్ వేడికి వేర్లు ఉడికిపోతాయి. కుండీ కింద రెండు ఇటుకలో చెక్కపలకో పెట్టి నేల నుంచి లేపండి. ఏప్రిల్ నుంచి తొలకరి దాకా పైన గ్రీన్ నెట్ కట్టండి, లేదా ఉదయం ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే తూర్పు వైపుకు మార్చండి. పడమటి బాల్కనీ అయితే నెట్ తప్పదు. మిగతా ఏడాదంతా ఫైకస్, చింత, కాగితం పూలు హాయిగా ఆరుబయటే ఉంటాయి.

నీళ్ళకు వారం లెక్క, రోజు లెక్క ఏదీ పనికిరాదు. వేలు అంగుళం లోతు గుచ్చి చూడండి, ఆరుతుంటే పోయండి, తడిగా ఉంటే వదిలేయండి. మేలో ఫైకస్‌కు పొద్దున, సాయంత్రం రెండుసార్లు పోయాల్సి రావచ్చు. అదే జేడ్ నీళ్ళు ఆకుల్లో దాచుకునే రకం, మట్టి బాగా ఎండాకే పోయాలి. మన దగ్గర జేడ్ చచ్చేది ఎక్కువగా ఎండకు కాదు, ముసురుకు. నాలుగు రోజులు వాన పట్టిందంటే దాన్ని సజ్జ కిందికి జరపండి.

తీగ చుట్టి ఏడాది వదిలేయడం గురించి రెండు మాటలు చాలు. వానాకాలంలో ఫైకస్ కొమ్మ ఎంత వేగంగా ఉబ్బుతుందంటే కొన్ని వారాల్లోనే తీగ బెరడులో దిగిపోతుంది, ఆ మచ్చ ఏళ్ళ పాటు పోదు. అల్యూమినియం తీగ వాడండి, వారానికోసారి చూడండి, కొరుకుతున్నట్టు కనిపిస్తే కటింగ్ ప్లేయర్‌తో ముక్కలుగా కత్తిరించి తీయండి. తిప్పి విప్పబోతే కొమ్మ విరుగుతుంది.

అడవిలోనో గుడి గోడ మీదో మొక్క పీకి తెచ్చుకోమనే చివరి చిట్కా తప్పు మాత్రమే కాదు, నేరం కూడా. జపాన్‌లో కొండల నుంచి ముదురు చెట్లు తెచ్చి బోన్సాయ్ చేసే సంప్రదాయం ఉంది, ఆ వీడియోలు చూసి మనవాళ్ళకు ఏటూరునాగారం, పాకాల గుర్తొస్తాయి. అవి అభయారణ్యాలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అక్కడి నుంచి మొక్క పెకలించి తేకూడదు. రిజర్వు అడవికి 1967 నాటి అటవీ చట్టం ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మన ఎండు అడవుల చెట్లు చాలా వరకు తల్లివేరు లోతుగా దించి బతికేవి. మొదలు దగ్గర పీచువేర్లు తక్కువ. పారతో తవ్వితే చేతికొచ్చేది తెగిన తల్లివేరు, దానితో అది బతకదు. ఏళ్ళ తరబడి నిలబడ్డ మోడు మీ డాబా మీద నెలలో కట్టెపుల్ల అవుతుంది.

ఇక గుడి గోడల మీది రావి మొక్కలు. వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట, 2021లో యునెస్కో జాబితాలోకెక్కిన రామప్ప, అన్నీ భారత పురావస్తు సర్వే రక్షణలో ఉన్నవే. ఆ మొక్కల వల్ల కట్టడానికి నష్టమే, కాదనను. కాని రాళ్ళ సందుల్లోకి వేరు దిగిన మొక్కను చేత్తో లాగితే వేరుతో పాటు రాయీ కదులుతుంది. అది తీసే పద్ధతి పురావస్తు సర్వేవాళ్ళకు వేరే ఉంటుంది, వాళ్ళనే తీయనివ్వండి.

ముదురు చెట్టే కావాలంటే ఊళ్ళోనే వెతకండి. పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్న చోట గేటు పక్కన ఇరవై ఏళ్ళ కాగితం పూల మొదలు ఉంటుంది, జేసీబీ వచ్చే ముందు ఇంటివాళ్ళను ఒక్క మాట అడగండి. చాలామంది "తీసుకపో బిడ్డా" అంటారు. మృగశిర తర్వాత నాలుగు వానలు పడ్డాక, కొమ్మలు బాగా కురచ చేసి, దొరికినంత పీచువేరుతో తీసి, పెద్ద తొట్టిలో నీడన పెట్టండి. కాగితం పూల వేర్లు పెళుసు, మట్టిగడ్డ చెదరకుండా గోనెసంచిలో కట్టి తేవాలి. ఆ ఏడాది దాన్ని కదపకండి, తీగ చుట్టకండి, రోజూ బెరడు గీకి పచ్చగా ఉందా అని చూడకండి.

బోన్సాయ్ పాపమనీ, వాస్తుకు మంచిది కాదనీ అనేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. ఎదుగుదల ఆగిన చెట్టును ఎవరూ కత్తిరించరు, కత్తిరించాల్సి వస్తున్నదంటేనే అది ఎదుగుతున్నట్టు. చెట్టుకు మనలా నొప్పి తెలిసే నరాలు, మెదడు లేవు. కోత వల్ల దానికి నష్టం లేదా అంటే, అతిగా కోస్తే, తప్పు కాలంలో కోస్తే ఉంటుంది, అది పెంచేవాళ్ళ చేతకానితనం. ఇక ఇంటి ఎదుగుదల సంగతి నమ్మకానికి సంబంధించింది, దాని మీద వాదన పెట్టుకోను. ఇష్టం లేకపోతే పెంచకండి. పక్క ఫ్లాట్‌వాళ్ళ ఫైకస్ కుండీని టెర్రస్ మీంచి తీయించాలని అసోసియేషన్ మీటింగులో ఎజెండా మాత్రం పెట్టకండి.