ఆదివారం లెక్కలోకి రాదు

(లెంట్, అంటే ఈస్టర్ ముందు వచ్చే ఉపవాసాల శ్రమకాలం, అందులో నాలుగో ఆదివారం, ఉదయం. ఆరాధనకు ఇంకా గంటన్నర టైముంది. సామ్యేలు గారు ఒక కాగితం పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతున్నారు. కృపమ్మ గారు బైబిల్లో గుర్తులు పెట్టుకుంటున్నారు. ఈ శ్రమకాలంలో ఆయన కోపం మానుకున్నారు, ఆవిడ తప్పులెన్నడం మానుకున్నారు. దాంతో మాట్లాడుకోవడానికి విషయాలు బాగా తగ్గిపోయాయి.)

సామ్యేలు: కృపా, ఇవాళ ఆదివారం.

కృపమ్మ: తెలుసండీ.

సామ్యేలు: ఆదివారం లెంట్ లెక్కలోకి రాదు. లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా వేళ్లమీద లెక్కపెట్టు, 46 రోజులు వస్తాయి. ఆరు ఆదివారాలు తీసేస్తేనే 40. ప్రతి ఆదివారం పునరుత్థాన దినం కాబట్టి ఆ రోజు ఉపవాసం ఉండదు.

కృపమ్మ: అయితే ఏంటంటారు?

సామ్యేలు: ఇవాళ నేను కోప్పడొచ్చు.

కృపమ్మ: అలాగా! అయితే నేనూ తప్పులెన్నొచ్చు. కూర్చోండి, సోమవారం నుంచి మొదలుపెడతాను.

సామ్యేలు: వారమంతా దాచిపెట్టావా?

కృపమ్మ: మానుకున్నానన్నాను గానీ మరిచిపోయానన్నానా?

సామ్యేలు: ఆగాగు, ముందు నా కోపం కానీ. సాయంత్రం సంఘ కూడికలో ఎవరేం చెప్పాలో రాసిన కాగితం చూశావా? "తగ్గింపు: సామ్యేలు గారు, ఐదు నిమిషాలు. క్షమాపణ: కృపమ్మ గారు, పది నిమిషాలు. ఆనందం: దంపతులిద్దరూ కలిసి." నాకు ఐదు నిమిషాలా? పోయినేడాది ఇదే అంశం మీద ముప్పావుగంట చెప్పినవాణ్ణి!

కృపమ్మ: అందుకే ఐదిచ్చారేమో.

సామ్యేలు: ఇది నా గురించి కాదు, అంశం గురించి. తగ్గింపుకు ఇంతేనా మర్యాద?

కృపమ్మ: తగ్గింపు తనకు మర్యాద కావాలని ఎప్పుడడిగిందండీ?

సామ్యేలు: ఇదిగో, ఇలాంటివే అందరి ముందు అనకు. సరే విను, నేను మోషేతో మొదలుపెడతాను. సంఖ్యాకాండం 12. భూమి మీద ఉన్న వాళ్లందరిలోకి మోషే మిక్కిలి సాత్వికుడని రాసుంది. ఆ పుస్తకం రాసింది ఎవరు? మోషేనే అని పెద్దలు చెప్తారు. అంటే తగ్గింపు ఉన్నవాడు ఆ సంగతి తనే చెప్పుకోవచ్చు.

కృపమ్మ: ఇదా మీకు ఆ అధ్యాయంలో దొరికింది?

సామ్యేలు: ఇంకేముంది?

కృపమ్మ: సొంత అక్క మిర్యాము, అన్న అహరోను కలిసి ఆయన మీద మాట్లాడుతున్నారు. "దేవుడు మోషేతోనే మాట్లాడాడా, మాతో మాట్లాడలేదా" అని. ఆయన నోరెత్తలేదు. జవాబు దేవుడే చెప్పాడు. మోషే నోరు తెరిచింది ఆ అక్కకు కుష్ఠు వచ్చాక, ఆమెను బాగుచెయ్యమని. అదీ ఒక్క మాట ప్రార్థన.

సామ్యేలు: చూశావా! ఒక్క మాట! అంత పెద్ద కష్టానికి అంత చిన్న ప్రార్థన! నేను చెప్పేది అదేగా!

(కృపమ్మ గారు బైబిలు మూసేశారు. పెళ్లయిన వాళ్లకు ఈ చప్పుడు తెలుసు.)

సామ్యేలు: ఇప్పుడేమైంది?

కృపమ్మ: ఏం కాలేదు.

సామ్యేలు: ఆదివారం, చెప్పొచ్చు.

కృపమ్మ: పోయిన నెల కూడికలో మీరేమన్నారు? "మా ఆవిడ ప్రార్థన మొదలుపెడితే నేనొక కునుకు తీసి లేచినా ఇంకా ఆమేన్ దూరంలోనే ఉంటుంది" అన్నారు. అందరూ నవ్వారు.

సామ్యేలు: పాస్టరు గారు కూడా నవ్వారు.

కృపమ్మ: అది గుర్తుంది మీకు. ఆ రోజు నుంచి నేను కూడికలో రెండు వాక్యాలకు మించి ప్రార్థన చెయ్యలేదు. అది గమనించారా?

సామ్యేలు: గమనించాను. నీలో తగ్గింపు పెరిగిందనుకుని దేవునికి స్తోత్రం కూడా చెప్పుకున్నాను.

కృపమ్మ: అది తగ్గింపు కాదండీ, సిగ్గు. తగ్గించుకోవడం వేరు, పదిమందిలో ఒకళ్లను తగ్గించడం వేరు. ప్రభువు తువ్వాలు నడుముకు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగారు గానీ, "పేతురూ, నీ కాళ్లకెంత మట్టుందో అందరూ చూడండి" అనలేదు. ఆయన్ను అప్పగించడానికి కాసేపట్లో వెళ్లిపోయే యూదా కాళ్లూ ఆ రాత్రి అక్కడే ఉన్నాయి. వాటినీ కడిగారు.

(కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. సామ్యేలు గారికి కోపం మానుకోవడంకన్నా ఇది కష్టంగా ఉంది.)

సామ్యేలు: సరే కృపా. నా మాట వల్ల నీకు బాధ కలిగి ఉంటే క్షమించు.

కృపమ్మ: కలిగి ఉంటేనా? ఇప్పటిదాకా ఎవరి గురించి చెప్పాననుకున్నారు?

సామ్యేలు: సరే, బాధ కలిగింది. కానీ నేను సరదాకే...

కృపమ్మ: బత్షెబ విషయంలో పాపం చేసి, నాతాను ప్రవక్త గద్దించాక దావీదు రాసిన 51వ కీర్తన తియ్యండి. భస్మ బుధవారం నాడు మీరే గట్టిగా చదివారు. బత్షెబ పేరు, నాతాను పేరు శీర్షికలో ఉంటాయి, కీర్తన లోపల ఎక్కడా ఉండవు. నా పాపం, నా అతిక్రమం, నా దోషం. అంతా "నా"నే. రాజయ్యుండి ఒక్క "కానీ" పెట్టుకోలేదు ఆయన.

సామ్యేలు: దావీదుకు రాయడానికి టైముంది. నాకింకా అరగంటలో బట్టలు మార్చుకోవాలి. పోనీ ప్రభువు చెప్పిన ఉపమానంలో తప్పిపోయిన కుమారుడి తండ్రిని చూడు. కొడుకు దారంతా క్షమాపణ బట్టీపట్టుకొచ్చాడు. "నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో" అన్న చివరి మాట దాకా రానివ్వకుండానే తండ్రి మంచి వస్త్రం తెమ్మన్నాడు. నువ్వు కూడా నన్ను మధ్యలో ఆపెయ్యొచ్చుగా?

కృపమ్మ: ఆపుతూనే ఉన్నాను కదండీ, "కానీ" దగ్గర. ఆ అబ్బాయి "నేను పాపం చేశాను" అన్నది మాత్రం పూర్తిగా చెప్పాడు. ఆపింది ఆ తర్వాత.

సామ్యేలు: (కాగితం పక్కనపెట్టి) పదిమందిలో నిన్ను నవ్వులపాలు చేశాను. తప్పు నాది.

కృపమ్మ: ...

సామ్యేలు: ఇంకా ఒక మాట కలపాలనుంది.

కృపమ్మ: వద్దు.

సామ్యేలు: కలపడం లేదు. ఉందని చెప్తున్నానంతే. క్షమించావా?

కృపమ్మ: ఆలోచిస్తున్నాను.

సామ్యేలు: ఆలోచించడానికేముంది? సాయంత్రం నువ్వు చెప్పబోయే ఉపమానమేగా! రాజు ఆ దాసుడికి పదివేల తలాంతుల అప్పు వదిలేశాడు. బయటికొచ్చి వాడు వంద దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకున్నాడు. దేవుడు నీకెంత వదిలేశాడు, నువ్వు నాకు వంద వదల్లేవా?

కృపమ్మ: ఆ ఉపమానం చెప్పింది ప్రభువు. వంద బాకీ ఉన్నవాడు అప్పిచ్చినవాడి దగ్గరికెళ్లి చెప్పుకోవడానికి కాదు. ఆ తోటి దాసుడు పాపం ఏమన్నాడో చూడండి. "ఓర్చుకో, తీర్చేస్తాను" అన్నాడు. "రాజు నీకెంత వదిలాడో గుర్తుందా" అని దబాయించలేదు.

సామ్యేలు: పాయింటే.

కృపమ్మ: ఇంకోటి. ఆ వంద చిన్నదని అందరూ అనేస్తారు. ద్రాక్షతోట ఉపమానంలో రోజు కూలి ఒక దేనారం. అంటే వంద దేనారాలు మూడు నెలల పైచిలుకు కష్టం. అది పోతే ఏ కూలివాడికైనా నొప్పే. ఒక తలాంతు దాదాపు 6,000 దేనారాలు. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి. ఒక్క రోజు సెలవు లేకుండా పనిచేసినా 1,64,000 ఏళ్లు పడుతుంది. "తీర్చేస్తాను" అన్నాడు ఆ మహానుభావుడు!

సామ్యేలు: ఈ లెక్క నువ్వే వేశావా?

కృపమ్మ: పది నిమిషాలిచ్చారుగా, మరి ఏదో ఒకటి చెప్పాలి. నేననేది ఏంటంటే, నొప్పే లేదన్నట్టు నటించమని ప్రభువు అనలేదు. వంద వందే. మీరన్నది నన్ను బాధపెట్టింది, నెల రోజులు బాధపెట్టింది. అయినా వదిలేస్తున్నాను.

సామ్యేలు: ఇక ఎప్పుడూ ఎత్తవు కదా?

కృపమ్మ: ఎత్తను. కానీ రేపు పొద్దున మళ్లీ గుర్తొస్తుంది. మళ్లీ వదిలెయ్యాలి. క్షమించడం ఏడుసార్లు చాలా అని పేతురు అడిగాడంటే, బహుశా ఆయనకు పెళ్లయింది కాబట్టే.

సామ్యేలు: పేతురు అత్తగారి జ్వరం సంగతి తెలుసుగానీ ఈ కోణం నాకు తట్టలేదు. ఇంతకీ ఏడుసార్లు ప్రశ్న మత్తయి 18లో ఎక్కడుంది?

కృపమ్మ: 21వ వచనం.

సామ్యేలు: దానికి కాస్త పైన, 15 చదువు.

కృపమ్మ: ఎందుకు?

సామ్యేలు: చదువు.

కృపమ్మ: ... నీ సహోదరుడు తప్పు చేస్తే నువ్వు వెళ్లి, నీవూ అతడూ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పాలని.

సామ్యేలు: నెల రోజులుగా మనం ఈ ఇంట్లో ఒంటరిగానే ఉన్నాం. ముందు ఎవరికి చెప్పావు?

కృపమ్మ: మా పెద్దక్కకు.

సామ్యేలు: తర్వాత?

కృపమ్మ: చిన్నక్కకు.

సామ్యేలు: అదీ సంగతి! మొన్న ఫోన్లో "బాగున్నారా మరిదిగారూ" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే పెట్టేశారు!

కృపమ్మ: ఒక్కదాన్నే ఎంతని మోస్తానండీ? ప్రార్థన అంశంగా చెప్పాను.

సామ్యేలు: ప్రార్థన అంశంగా! నేను సరదాకన్నాను, నువ్వు ప్రార్థన అంశంగా చెప్పావు. మనిద్దరి పాపాలూ ఎంత భక్తిగా ఉన్నాయో!

కృపమ్మ: సరే. దానివల్ల మీకు ఇబ్బంది కలిగి ఉంటే...

సామ్యేలు: ఏంటీ? కలిగి ఉంటేనా? 51వ కీర్తన తియ్యనా?

కృపమ్మ: (నవ్వు ఆపుకుంటూ) మీకు చెప్పకుండా అక్కలకు చెప్పాను. తప్పు నాది. వాళ్లకు ఫోన్ చేసి చెప్తాను.

సామ్యేలు: స్పీకర్ పెట్టు.

కృపమ్మ: అదిగో తగ్గింపు.

సామ్యేలు: సరే, వద్దులే. తూర్పు సంఘాల్లో లెంట్ మొదలవడానికి ముందు ఆదివారం సాయంత్రం గుళ్లో ఒకరి ముందు ఒకరు వంగి క్షమాపణ అడుగుతారట, గురువుతో సహా. క్షమాపణ ఆదివారం అంటారు దాన్ని. అప్పుడే అది మనమూ చేసుంటే ఈ మూడు వారాల పైగా మౌనం తప్పేది.

కృపమ్మ: మనం ముందు ఎవరు వంగాలో తేల్చుకునేసరికి మట్టల ఆదివారం వచ్చేది. ప్రభువు బల్ల దగ్గరే, రొట్టె విరిచి ఇచ్చాక, మనలో గొప్పవాడెవరని శిష్యులు వాదించుకున్నారు. లూకా 22. వాళ్లే అంత, మనమెంత?

సామ్యేలు: ఇది నా ఐదు నిమిషాల్లో వాడుకోనా?

కృపమ్మ: నాదని చెప్పి వాడుకోండి.

సామ్యేలు: చెప్తాను. ఇక ఆనందం మిగిలింది. ఇద్దరం కలిసి చెప్పాలి. శ్రమకాలంలో ఆనందం గురించి చెప్పమనడమేంటో!

కృపమ్మ: ఇవాళ లేతారే, అంటే 'సంతోషించు' అనే ఆదివారం కాబట్టి. యెరూషలేముతో కలిసి సంతోషించండన్న యెషయా 66వ అధ్యాయం మాటతో వచ్చిన రోజు ఇది. కొన్ని సంఘాల్లో ఇవాళ ఊదారంగు తీసి గులాబి రంగు వేస్తారు. ఉపవాసం ఉన్నప్పుడు మొహం వేలాడేసుకోవద్దు, తలకు నూనె రాసుకో, ముఖం కడుక్కో అని ప్రభువు చెప్పింది మీకు గుర్తులేదా? మూడు వారాలుగా మీరు కోపం మానుకున్న సంగతి మీ మొహం చూసి సంఘమంతటికీ తెలిసిపోయింది.

సామ్యేలు: ఓర్చుకోవడం కనబడకూడదా?

కృపమ్మ: కనబడితే దాని జీతం అక్కడికక్కడే ముట్టినట్టే.

సామ్యేలు: సరే, ఫిలిప్పీ 4 తీసుకుందాం. "ఎల్లప్పుడూ ప్రభువులో ఆనందించండి." పౌలు చెరసాలలో ఉండి రాసిన మాట. పాస్టరు గారికి నచ్చుతుంది.

కృపమ్మ: అది నాలుగో వచనం. రెండోది చూశారా?

సామ్యేలు: రెండులో ఏముంది? (కళ్లజోడు సర్దుకుని) యువొదియ, సుంటుకే... ఏకమనసుతో ఉండమని ఇద్దర్నీ బతిమాలుకుంటున్నాడు. గొడవ దేని గురించి?

కృపమ్మ: రాయలేదు.

సామ్యేలు: ఎవరిది తప్పు?

కృపమ్మ: అదీ రాయలేదు. ఇద్దరూ సువార్త పనిలో తనతోపాటు ప్రయాసపడ్డారని మాత్రం రాశాడు. ఇద్దరి పేర్లూ జీవగ్రంథంలో ఉన్నవాళ్లతో కలిపి చెప్పాడు. వెంటనే "ఆనందించండి, మరల చెప్తున్నాను ఆనందించండి" అన్నాడు. గొడవ సర్దుకున్నాక ఆనందించమని అనలేదు.

సామ్యేలు: ఈ ఉత్తరం సంఘంలో గట్టిగా చదివుంటారు కదా? వాళ్లిద్దరూ చెరో మూలా కూర్చుని ఉంటే?

కృపమ్మ: పాపం.

సామ్యేలు: పేరు ముందు యువొదియది వచ్చింది. అంటే మొదలుపెట్టింది ఆవిడే.

కృపమ్మ: పెద్దది కాబట్టి గౌరవంగా ముందు రాసి ఉండొచ్చు.

సామ్యేలు: సాయంత్రం మన పేర్లు ఏ వరసలో చదువుతారో?

(కృపమ్మ గారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.)

సామ్యేలు: నవ్వావు.

కృపమ్మ: నవ్వలేదు.

సామ్యేలు: నవ్వావు, నేను చూశాను. గుడారంలో అబ్రాహాము భార్య శారా కూడా ఇలాగే నవ్వి, నవ్వలేదంది. "లేదు, నువ్వు నవ్వావు" అన్నారు.

కృపమ్మ: అన్నది దేవుడు. వాళ్లాయన ఆ మాటల్లో మధ్యలో దూరలేదు. వెళ్లి చొక్కా మార్చుకోండి.