మురుగు పోయే దారేది?

ఏటా జూన్‌లో గోదావరి డెల్టా కాలువలకు నీళ్లు వదిలే రోజున పసుపు, కుంకుమ, పూలు, కెమెరాలు అన్నీ హాజరు. అదే నీరు చేను దాటి సముద్రంలో కలవాల్సిన మురుగు కాలువ గట్టుకు మాత్రం ఎవరూ రారు. వానొచ్చి సార్వా (ఖరీఫ్) వరి మునిగాక వస్తారనుకోండి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి పంటను పరామర్శించడానికి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఇప్పుడు దాని స్థానంలో ఉన్న బ్యారేజీ కింద మూడు డెల్టాల్లో సుమారు పది లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. నీరు పెట్టడం మనకు బాగా వచ్చు, తీయడమే రాలేదు. 2011లో కోనసీమ రైతులు పంట వేయబోమంటూ విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, కూలీల ఖర్చుతో పాటు పూడిపోయిన డ్రెయిన్ల (మురుగు కాలువల) గోడూ వినిపించింది. కారణాలు తేల్చడానికి ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా కమిటీని వేసింది. 2022లో మళ్లీ అదే కోనసీమ, అదే పంట విరామం.

పూడిక తీస్తే సరిపోతుందా అంటే, తీసే తీరు కూడా ముఖ్యమే. తీరం దగ్గర నేల సముద్ర మట్టానికి మరీ ఎత్తులో లేదు. ఆటు సమయంలోనే మురుగు దిగుతుంది. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు వెనక్కి తన్నకుండా ఆపే తూములు, తలుపులు పనిచేయాలి. అవి లేకుండా కాలువను లోతు చేస్తే సముద్రాన్ని తోటల్లోకి పిలిచినట్టే. కోనసీమలోని శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి తలలు వాల్చిన కొబ్బరి చెట్లే అందుకు సాక్ష్యం. ముంపు ఒక్క పంటను తీసుకుపోతుంది; ఉప్పెక్కిన నేల మళ్లీ దారికి రావడానికి ఏళ్లు పడుతుంది.

పశ్చిమ డెల్టాలో యనమదుర్రు డ్రెయిన్‌ది ఇంకో కథ. భీమవరం మురుగూ, రొయ్యల, చేపల చెరువులు వదిలే నీరూ అందులోకే. డాలర్లు తెచ్చే రొయ్యను వద్దనడం లేదు. కానీ చెరువుకు అనుమతి ఇచ్చేటప్పుడు, అది వదిలే నీటిని మోసే శక్తి డ్రెయిన్‌కు ఉందో లేదో చూడాలి కదా! డ్రెయిన్ జలవనరుల శాఖది, చెరువు మత్స్యశాఖది, కంపు కాలుష్య నియంత్రణ మండలిది, గట్టు ఆక్రమణ రెవెన్యూది. రైతు మాత్రం ఈ నాలుగు ఆఫీసుల చుట్టూ ఒక్కడే తిరగాలి.

ఆ రైతు చాలాచోట్ల కౌలుదారే. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం సాగు హక్కు పత్రానికి భూయజమాని సంతకం కావాలి. భూమి చేజారుతుందేమోనన్న అనుమానంతో చాలామంది పెట్టరు. చేను మునిగితే పెట్టుబడి కౌలుదారుది పోతుంది, పరిహారం యజమాని ఖాతాలో పడుతుంది. ఇది ఊళ్లో అందరికీ తెలుసు, అధికారులకూ తెలుసు.

వేసవిలో కాలువలు కట్టేసే ఆ కొద్ది వారాలే డ్రెయిన్ల పనికి అదను. టెండర్లు జనవరిలోనే పిలవాలి; నీళ్లు వదలబోయే ముందు గుర్రపుడెక్క పైపైన తీసి బిల్లులు పెట్టుకునే పద్ధతి ఆగాలి. తూముల మరమ్మతు అయ్యాకే తీరంలో తవ్వకాలు మొదలుపెట్టాలి. యజమాని సంతకం లేకున్నా, పొలంలో చూసి ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ ఆన్‌లైన్ పంట నమోదులో) రాసుకున్న సాగుదారు పేరు మీదే నష్టపరిహారం ఇవ్వాలి. ఈ చివరి దానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు, చట్ట సవరణ చాలు. వచ్చే అసెంబ్లీ సమావేశాల్లోనే ఆ బిల్లు పెట్టవచ్చు.